బోర్డులోనే రైడ్ ఉంది, ఆన్ చేసేయమంటారా?

ప్రశ్న: కొత్తగా కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నాను. విండోస్ ఒక ఎస్‌ఎస్‌డీలో ఉంది. ఇంట్లోవాళ్ల ఫొటోలకీ, నేను ఎడిట్ చేసే వీడియోలకీ 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు పెట్టించాను. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో రైడ్ ఆప్షన్ (రెండు మూడు డిస్కుల్ని ఒకటిగా కలిపి వాడే పద్ధతి) కనిపించింది. అది ఆన్ చేస్తే ఒక డిస్కు పోయినా డేటా పోదని ఫ్రెండ్ అంటున్నాడు. చేసేయమంటారా?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. రైడ్ 1 పెడితే రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా పడుతుంది, ఒకటి చచ్చినా రెండోదాంతో పని నడుస్తుంది. అయినా మీ అవసరానికి వద్దనే చెప్తాను.

బోర్డు మీద రైడ్ కోసం ప్రత్యేకంగా ఒక చిప్ పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు, మామూలు ఇంటెల్, ఏఎమ్‌డీ బోర్డుల్లో అలాంటిదేమీ ఉండదు. బూట్ అయ్యేటప్పుడు బోర్డులోని సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) రెండు డిస్కుల్నీ ఒకటిగా చూపిస్తుంది, విండోస్ లోడయ్యాక ఆ పనంతా డ్రైవరూ మీ ప్రాసెసరూ చూసుకుంటాయి. దీనివల్ల స్పీడ్ పెద్దగా తగ్గదు, ఆ భయం వద్దు. టెన్షన్ అంతా బోర్డు పాడైన రోజునే, ఎందుకంటే ఏ డిస్కు ఏ జతలోదన్న వివరాన్ని ఒక్కో కంపెనీ తన పద్ధతిలో డిస్కుల మీద రాసుకుంటుంది, ఇంటెల్ బోర్డులో కట్టిన జతని తీసుకెళ్లి ఏఎమ్‌డీ బోర్డుకి తగిలిస్తే అది జతగా గుర్తుపట్టదు. రైడ్ 1లో ప్రతి డిస్కులోనూ డేటా మొత్తం ఉంటుంది కాబట్టి ఎలాగోలా బయటికి తీయొచ్చు, డేటాని ముక్కలుగా మూడు, అంతకన్నా ఎక్కువ డిస్కులకి పంచే రైడ్ 5 అయితే మాత్రం నరకమే. ఇంకోటి, బయోస్ అప్‌డేట్ చేసినా, బోర్డు మీది బ్యాటరీ అయిపోయినా సెట్టింగులు మొదటికొచ్చి రైడ్ మోడ్ పోయి, డిస్కుల్ని దేనికది నడిపే మామూలు మోడ్ ఏహెచ్‌సీఐ రావచ్చు. అప్పుడు డిస్కులు విడివిడిగా కనిపిస్తాయి. కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి, ముందు బయోస్‌లోకి వెళ్లి మోడ్ చూడండి.

అసలు మీకు కావాల్సింది బ్యాకప్. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రైడ్ 1 దాన్ని రెండో డిస్కులోంచి కూడా ఆ క్షణమే తీసేస్తుంది, ఫైళ్లని లాక్ చేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా అంతే, రెండూ ఒకేసారి లాక్ అవుతాయి. పిల్లల చిన్నప్పటి ఫొటోలు మళ్లీ తీసుకోలేరు కదండీ. అందుకే ఒక డిస్కు లోపలే ఉంచుకుని, రెండోదాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి, వారానికోసారి కాపీ చేసి ప్లగ్ తీసేయండి. 3.5 అంగుళాల డిస్కు కాబట్టి విడిగా పవర్ అడాప్టర్ ఉన్న కేసు తీసుకోండి.

మిర్రర్ (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా) కూడా ఉండాల్సిందే అనుకుంటే విండోస్‌లోనే దానికి స్టోరేజ్ స్పేసెస్ అనే సదుపాయం ఉంది, బోర్డు మారినా వేరే విండోస్ కంప్యూటర్‌కి ఆ డిస్కులు తగిలిస్తే గుర్తుపడుతుంది. లినక్స్ అయితే ఇదే పనికి ఎమ్‌డీఅడ్మ్ అనే టూల్ ఉంది. బోర్డు రైడ్ పనికొచ్చే సందర్భం కూడా ఒకటుంది: విండోస్ ఉన్న డిస్కునే మిర్రర్ చేయాలి, మిషన్ ఆగితే పని ఆగిపోతుంది అనుకున్నప్పుడు. స్టోరేజ్ స్పేసెస్ నుంచి విండోస్ బూట్ అవదు మరి. అక్కడ కూడా బ్యాకప్ వేరే ఉండాలి.

ప్రశ్న: స్పీడ్ కోసం ఆ రెండు డిస్కుల్నీ రైడ్ 0లో కలపొచ్చా?

జవాబు: వద్దండీ. రైడ్ 0లో డేటా ముక్కలై రెండు డిస్కులకీ పంచుకుంటుంది, కాపీ ఉండదు. ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుంది, అంత రిస్క్ తీసుకున్నా ఒక మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ ఇచ్చే సెకనుకి 550 ఎంబీని అందుకోవడమే కష్టం. ఎడిటింగ్‌కి స్పీడ్ కావాలంటే సాటా కన్నా వేగంగా నడిచే ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసుకుని నడుస్తున్న ప్రాజెక్టు అందులో ఉంచండి, పూర్తయ్యాక హార్డ్ డిస్కులోకి మార్చండి.