పరిహారం వస్తుందన్న ధైర్యంతో అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, జీతం 42,000. రెండు నెలల క్రితం ఎదురుగా వచ్చిన కారు నా కారును ఢీకొట్టింది. తొడ ఎముక విరిగింది. ఆఫీసు ఆరోగ్య బీమా పోను ఆపరేషన్‌కు 1.6 లక్షలు క్రెడిట్ కార్డు మీద కట్టాను. ఇంకో నాలుగు నెలలు జీతం లేని సెలవు. ఇంటి ఖర్చు నెలకు 30,000. సిప్‌లలో (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే మదుపు) 2.2 లక్షలున్నాయి, వాటిని కదపడం ఇష్టం లేదు. పరిహారం 10 లక్షలకు తగ్గదని, అందులో 25 శాతం తన ఫీజని లాయరు అంటున్నారు. ఆ నమ్మకంతో నూటికి 3 రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ఆ అప్పు కోసం ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టకండి.

పరిహారం మీ హక్కు, అందులో సందేహం లేదు. కానీ అది ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో మీ లాయరు చేతిలో లేదు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో కేసు ఏళ్ల తరబడి నడవొచ్చు. తీర్పు వచ్చాక, ఢీకొట్టిన కారు బీమా కంపెనీ హైకోర్టుకు వెళ్లొచ్చు. డబ్బు జమయ్యాక కూడా కొంత భాగాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఉంచమని ఆదేశించడం మామూలే. మీ అప్పుకు మాత్రం నెలనెలా 12,000 వడ్డీ. మూడేళ్లకు 4.32 లక్షలు, అంటే అసలును మించిపోయింది, అసలు అలాగే ఉంది. ట్రిబ్యునల్ ఇప్పించే వడ్డీ, ఏడాదికి 36 శాతం పడే ఈ వడ్డీకి దరిదాపుల్లో కూడా ఉండదు.

నన్ను ఇంకా భయపెట్టేది వేరే ఉంది. వడ్డీ మెడ మీద కూర్చున్న మనిషి ఎంతకైనా రాజీ పడతాడు. రాజీతో కేసులు ముగించే లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే దాని మీద అప్పీలు లేదు. కాలు ఎంతవరకు కోలుకుంటుందో తేలకముందే, రేపటి వైకల్యానికి రావాల్సింది వదులుకుని సంతకం పెట్టేస్తారు. ఆరు నెలల ఖర్చు, మీ లెక్కన 1.8 లక్షలు, పక్కన ఉండి ఉంటే ఆ తొందర ఉండేది కాదు. అత్యవసర నిధి అని నేను ప్రతిసారీ పట్టుబట్టేది ఇందుకే. కేసులో నిలబడే ఓపికను ఇచ్చేది ఆ డబ్బే.

సిప్‌ల నుంచి ఇప్పుడే తీయండి. ఇలాంటి రోజు కోసం కాకపోతే ఇంకెందుకు దాచారు? 1.2 లక్షలు నాలుగు నెలల ఇంటి ఖర్చుకు, లక్ష కార్డుకు. మిగిలిన 60,000కు ఆఫీసు అడ్వాన్సో, బ్యాంకులో బంగారం మీద రుణమో చూసుకోండి. కొత్త సిప్ వాయిదాలు ఆపేయండి.

కేసు సంగతి: మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు పిటిషన్ వేయాలి, మీకు రెండు నెలలు గడిచాయి. మీరు ఉండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్లోనే వేయొచ్చు. ఎఫ్ఐఆర్, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి బిల్లు, జీతం స్లిప్పులు, జీతం లేని సెలవు ఇచ్చినట్టు ఆఫీసు లెటరు జాగ్రత్త చేయండి. ఆ లెటరును చాలామంది మర్చిపోతారు, పోయిన ఆదాయానికి అదే రుజువు. ఇక 25 శాతం ఫీజు మాట. పరిహారంలో వాటా అడగడం వృత్తి నియమాలకు విరుద్ధమని తెలంగాణ నుంచి వెళ్లిన ఇలాంటి కేసులోనే 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫీజు ఇంత అని ముందే మాట్లాడుకోండి.

కారు పాలసీతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ మరణానికి, శాశ్వత వైకల్యానికే. మంచంలో ఉన్న నెలలకు అందులోంచి రూపాయి రాదు. తాత్కాలిక వైకల్యానికి వారం వారం చెల్లించే ప్రమాద బీమా విడిగా ఉంటుంది. ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో అది తీసుకోండి. కార్డు బాకీ తీరిన నెల నుంచి సిప్‌కు వెళ్లే డబ్బును 1.8 లక్షలు నిండేదాకా అత్యవసర నిధికే మళ్లించండి.