సోమవారం పచ్చ టిక్కులు, బుధవారానికి ఖాళీ గళ్లు

ప్రశ్న: బెంగళూరులో కంప్యూటర్ సైన్స్ (సీఎస్) ఇంజనీరింగ్, ఏడో సెమిస్టర్. ఊరు హిందూపురం. మారతహళ్లిలో పెదనాన్న కొడుకు రూములో ఉంటూ కనకపుర రోడ్డు వైపున్న కాలేజీకి బస్సుల్లో వెళ్లొస్తున్నాను. ఎంటెక్ ఎంట్రన్స్ గేట్, ప్లేస్‌మెంట్స్, సెమిస్టర్ మూడూ మీద పడ్డాయి. ప్రతి ఆదివారం టైమ్‌టేబుల్ రాసుకుంటాను, బుధవారానికి వదిలేస్తాను. నాకు డిసిప్లిన్ లేదా సార్?

తమ్ముడూ, నువ్వు పంపిన ఫోటో చూశాను. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, స్కేలు పెట్టి గీసిన గళ్లు, సోమవారం అన్నిటికీ పచ్చ టిక్కులు, మంగళవారం సగానికి, బుధవారం నుంచి ఏమీ లేవు. డిసిప్లిన్ సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఆ కాగితంలో నువ్వు రాసుకున్న చదువు గంటలు కూడితే 54 వచ్చాయి.

వారానికి 168 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్ర తీసేస్తే 119. కాలేజీ రోజుకు ఏడు చొప్పున ఐదు రోజులు, 35 పోయి 84. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక బస్సు, సిల్క్ బోర్డు దగ్గర దిగి బనశంకరికి ఇంకోటి, అక్కడి నుంచి మరోటి, ఒక వైపుకే గంటా ముప్పావు అన్నావు కదా, అంటే వారానికి 17.5 గంటలు బస్సుల్లోనే. స్నానం, తిండి, బట్టలు, అమ్మ ఫోను అన్నీ కలిపి రోజుకు మూడు వేసుకున్నా 21. మిగిలింది 45.5. ఇక శనివారం మధ్యాహ్నం రైలెక్కి హిందూపురం వెళ్లి ఆదివారం రాత్రి తిరిగొస్తావని మెయిల్ చివర్లో ఏదో మాటవరసకి రాసినట్టు రాశావు, దానికి నిద్ర, భోజనం కాకుండానే ఓ పదిహేను గంటలు పోతాయి. చేతిలో ఉన్నది 30. అందులో 54 పెట్టావు! ఆదివారం గడిలో పది గంటలు రాసుంది, ఆ రోజు నువ్వు ఇంట్లో సంగటి, ఊరుబిండి తింటూ ఉంటావు.

పని ఎంతసేపు పడుతుందో ముందే చెప్పమంటే మనుషులు తక్కువే చెప్తారు. 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ అనే సైకాలజిస్టులు దీన్ని ప్లానింగ్ ఫాలసీ అన్నారు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అయిపోతుందని చెప్పి 55 రోజులు దాటించారు. నాదీ అదే జాతి. కడప నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో ప్రతి కొత్త సంవత్సరానికీ డైరీ కొనేవాణ్ణి, సంక్రాంతి దాటాక ఒక్క పేజీ కూడా నిండేది కాదు.

కాబట్టి 30లో 22కే పని రాసుకో. మిగతా ఎనిమిది ఖాళీగానే ఉండనీ, ముఖ్యంగా గురువారం రాత్రి ఏమీ పెట్టకు. జ్వరం, వాన, సిల్క్ బోర్డు జామ్, రూమ్మేట్ పుట్టినరోజు, ఏదో ఒకటి వస్తుంది. సోమ, మంగళవారాల్లో తప్పిపోయిన పని గురువారం కూర్చుని చేస్తావు, టైమ్‌టేబుల్ మొత్తం చించి పారేయాల్సిన అవసరం రాదు. నీకు బుధవారం జరుగుతున్నది అదే కదా, ఒక్క గడి తప్పగానే ఇక ఈ వారం పోయినట్టే అనుకుని వచ్చే ఆదివారం దాకా వదిలేయడం.

గళ్లలో ‘ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్) - 2 గంటలు’ అని రాయకు. ఆ సబ్జెక్టులోని ఒక చాప్టర్ తీసుకుని ‘డెడ్‌లాక్ మీద పాత గేట్ ప్రశ్నలు 20’ అని రాయి. రెండు గంటలు పుస్తకం ముందు కూర్చుని ఫోను చూసినా మొదటిదానికి టిక్కు పెట్టుకోవచ్చు, రెండోదానికి పెట్టుకోలేవు.

ఇక మూడూ మీద పడ్డాయన్నావు, నిజానికి రెండున్నరే. గేట్ సీఎస్ పేపర్లో 100 మార్కులకు 15 జనరల్ ఆప్టిట్యూడ్. కంపెనీల మొదటి రౌండ్లోనూ చాలాచోట్ల ఆప్టిట్యూడే అడుగుతారు. డేటా స్ట్రక్చర్స్, ఆల్గోరిథమ్స్ గేట్‌కీ కావాలి, ఇంటర్వ్యూకీ కావాలి. నీ కాగితంలో ఇవి వేరు వేరు రంగుల్లో రెండేసి సార్లు ఉన్నాయి, కలిపెయ్. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఈసారి అనుకున్నంత రాకపోయినా మళ్లీ రాయొచ్చు, ప్లేస్‌మెంట్ సీజన్ మాత్రం నీకోసం ఆగదు. రెండూ ఒకే రోజు పడితే ప్లేస్‌మెంట్‌కే ఓటు. సెమిస్టర్‌ని తక్కువగా చూడకు, బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉంటే చాలా కంపెనీలు టెస్టుకే కూర్చోనివ్వవు.

బస్సులో చదువుతానని మాత్రం రాసుకోకు. సీటు దొరికితే నాలుగు ఆప్టిట్యూడ్ లెక్కలు చెయ్యి, అది లాభం. వేలాడుతూ నిలబడితే పాటలు విను. అన్న రూముకు అద్దె లేదన్నావు, నిజమే, కానీ కాలేజీ దగ్గర అరగంట దూరంలో పీజీ హాస్టల్ చూసుకుంటే వారానికి 12.5 గంటలు మిగులుతాయి, 16 వారాలకు 200 గంటలు. ఆ డబ్బు ఇంట్లో కష్టమేమో నాకు తెలియదు, కనీసం ఈ లెక్క నాన్నగారి ముందు పెట్టి చూడు.

టైమ్‌టేబుల్‌కి ఆదివారం రాత్రి ఇరవై నిమిషాలు చాలు, మొదటి పది పోయిన వారం ఏమైందో చూడ్డానికే. బుధవారం రాత్రి ఇంకో పది. రంగులొద్దు, ఒక బాల్‌పెన్ను చాలు.

ఊరికి మాత్రం వారం విడిచి వారం వెళ్లు. వెళ్లని ఆదివారం పొద్దున మూడు గంటలు తలుపేసుకుని 65 ప్రశ్నల పూర్తి గేట్ మాక్ టెస్ట్ రాయి, అసలు పరీక్ష రాస్తున్నట్టే మధ్యలో లేవకుండా. అమ్మ చిన్నబుచ్చుకుంటుంది, ముందే చెప్పు, ఊరుబిండి డబ్బా రెండు వారాలకు సరిపడా కట్టమను.