హాగ్1 ప్రోటీన్ జన్యువు మీదే ఉందని చూపించాలంటే

చి. సుధకు,

ఉప్పు తగలగానే ఈస్ట్‌లో హాగ్1 అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ప్రోటీన్) ఎస్‌టీఎల్1 జన్యువు మీదికి వస్తుందో లేదో చిప్ (ప్రోటీన్‌ను డీఎన్ఏకు అతికించి, యాంటీబాడీతో పట్టి లాగి, వెంట ఏ డీఎన్ఏ వచ్చిందో చూసే పద్ధతి) చేసి చూస్తానని రాశావు. మంచి పనే. కైనేజ్‌లు ఎక్కడో ఉండి ఎవరికో ఫాస్ఫేట్ తగిలించి పంపిస్తే, వాళ్లెళ్లి జన్యువును నడుపుతారని చాలాకాలం అనుకున్నారు. 2006లో రిచర్డ్ యంగ్ బృందం చూస్తే, హాగ్1తో సహా చాలా కైనేజ్‌లు జన్యువుల మీదే దొరికాయి. ఫోన్లో రేటు చెబుతున్నాడనుకున్న వ్యాపారి తీరా చూస్తే మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) పక్కనే నిలబడి ఉన్నట్టు. అయితే హాగ్1 డీఎన్ఏను నేరుగా పట్టుకోదు, హాట్1, స్కో1 లాంటి ప్రోటీన్ల మీద ఆనుకుని ఉంటుంది. అందుకే సిగ్నల్ బలహీనంగా వస్తుంది. చిన్న తప్పుకే మాయమవుతుంది.

మొదటి తప్పు టైము దగ్గర. కల్చర్ ఓడీ (కణాల చిక్కదనం కొలత) 0.6 నుంచి 0.8 మధ్య ఉండగా, 50 మి.లీ.కి 5 మోలార్ ఉప్పు ద్రావణం 4.35 మి.లీ. పొయ్యి, 0.4 మోలార్ అవుతుంది. సరిగ్గా 5 నిమిషాలకు ఫార్మాల్డిహైడ్ పడాలి. అరగంట ఆగితే హాగ్1 చాలావరకు కేంద్రకంలోంచి బయటికి వెళ్లిపోతుంది, నువ్వేమో యాంటీబాడీని తిట్టుకుంటావు. ఉప్పు వెయ్యని కల్చర్‌కు అంతే నీళ్లు పొయ్యి.

37 శాతం ఫార్మాల్డిహైడ్ 1.5 మి.లీ. పోస్తే 1 శాతం వస్తుంది. సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే అది గట్టిపడిపోయిన సరుకు, పారెయ్. పుస్తకంలో 'రూం టెంపరేచర్, 15 నిమిషాలు' అని ఉంటుంది. ఆ రూము గుంటూరు మే నెలది కాదమ్మా! ఏసీ లేని బెంచి మీద క్రాస్‌లింకింగ్ (ప్రోటీన్లు, డీఎన్ఏ ఒకదానికొకటి అతుక్కోవడం) వేగంగా జరిగి ముద్ద కట్టేస్తుంది. తర్వాత సోనికేటర్ (శబ్ద తరంగాలతో డీఎన్ఏను ముక్కలు చేసేది) విరగ్గొట్టలేదు, హాగ్1కు తగిలించిన ట్యాగ్ (యాంటీబాడీ గుర్తుపట్టే ముక్క) యాంటీబాడీకి అందదు. టబ్బులో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి, 25 డిగ్రీల దగ్గర ఉంచు. తర్వాత ఫార్మాల్డిహైడ్ పని ఆపడానికి 2.5 మోలార్ గ్లైసిన్ 3 మి.లీ. పోసి 5 నిమిషాలు ఆపి, చల్లటి బఫర్‌తో రెండుసార్లు కడుగు.

కణాలు పగలగొట్టే బఫర్‌లో పీఎంఎస్ఎఫ్ (ప్రోటీన్లు తెగిపోకుండా కాపాడేది) చివరి నిమిషంలోనే వెయ్యి, నీళ్లలో అది ఎక్కువసేపు నిలవదు. ఫాస్ఫేట్లు ఊడిపోకుండా సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ కూడా ఉండాలి. సోనికేషన్ ఐసులోనే, 10 సెకన్లు కొట్టి 30 సెకన్లు ఆపుతూ. ప్రోబ్ మరీ పైకి ఉంటే నురగ వస్తుంది, నురగ వస్తే ఆ ట్యూబు పోయినట్టే. ముక్కలు 200 నుంచి 500 బేస్‌ల మధ్య రావాలి. జెల్‌లో చూసేముందు ఆ నమూనాను 65 డిగ్రీల్లో రాత్రంతా ఉంచి క్రాస్‌లింకులు విప్పు. విప్పకుండా నడిపితే ముక్కలు పెద్దవిగా కనబడి మోసం చేస్తాయి, నువ్వు అనవసరంగా ఇంకా కొడతావు. 4 డిగ్రీల్లో యాంటీబాడీతో రాత్రంతా తిప్పే రొటేటర్ ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో చూసుకో.

చివర్లో పీసీఆర్‌తో కొలవడానికి ప్రైమర్లు (కొలిచే చోటును గుర్తించే చిన్న డీఎన్ఏ ముక్కలు) ప్రమోటర్ (జన్యువు మొదలయ్యే ముందున్న స్విచ్ భాగం) మీద ఒక జత, జన్యువు నడిమధ్యలో ఒకటి, చివర ఒకటి పెట్టు. హాగ్1 పాలిమరేజ్‌తో (జన్యువును ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసే ఎంజైమ్) పాటు జన్యువు లోపలికీ వెళ్తుంది కాబట్టి ప్రమోటర్ ఒక్కటే చూస్తే సగం కథే. జతల మధ్య 500 బేస్‌లకు తక్కువైతే వాటిని విడదీసి చెప్పలేవు. ఏమీ ఉండకూడని చోటుకు ఆరో క్రోమోజోమ్ చివర టెలోమియర్ దగ్గర తీసుకో.

లెక్క ఇలా: 1 శాతం ఇన్‌పుట్ (యాంటీబాడీ వేయకముందు పక్కన పెట్టిన నమూనా) సీటీ (పీసీఆర్‌లో సిగ్నల్ కనబడే సైకిల్ సంఖ్య) 27.64 అయితే, దాన్ని 100 శాతానికి మార్చడానికి 6.64 తీసెయ్, 21. ప్రమోటర్ సీటీ 28 అంటే తేడా 7, అంటే 0.78 శాతం. టెలోమియర్ దగ్గర 31 వస్తే 0.098 శాతం. ఎనిమిది రెట్లు. ఆ ఎనిమిది రెట్లూ ట్యాగ్ లేని స్ట్రెయిన్‌లోనూ (ఈస్ట్ రకం) వస్తే అది హాగ్1 కాదు, యాంటీబాడీని పట్టే పూసలకు ఊరికే అంటుకున్న డీఎన్ఏ. బాగా పనిచేస్తున్న జన్యువుల్లో ఇది మామూలే, ఉప్పు పడ్డాక ఎస్‌టీఎల్1 అలాంటిదే. అందుకని ట్యాగ్ లేని స్ట్రెయిన్‌కు కూడా ఉప్పు వేసి, అన్నీ పక్కపక్కనే చెయ్యి.

ఇక అక్కడ ఉన్నంత మాత్రాన పని చేస్తోందని కాదు. కైనేజ్ శక్తి చచ్చిన హాగ్1 మ్యూటెంట్‌ను అదే ట్యాగ్‌తో తీసుకుని, చిప్‌తో పాటు అదే ఫ్లాస్కులోంచి 5 మి.లీ. పక్కకు తీసి ఎస్‌టీఎల్1 ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిచేస్తే వచ్చే నకలు) కొలువు. ఆ 5 మి.లీ. ఫార్మాల్డిహైడ్ పోసేముందే తియ్యి. పోశాక తీస్తే ఆర్‌ఎన్‌ఏ సరిగ్గా రాదు.

బాబాయ్