ఫెన్సింగ్ రంగు దగ్గర ఆగిపోయిన మాటలు

ప్రశ్న: కొత్త ఇల్లు కట్టుకున్నాం. తలుపులు, టైల్స్, గదుల రంగులు అన్నీ మావారే తేల్చేశారు. చివరికి ఇంటి చుట్టూ ఇనుప ఫెన్సింగ్ ఒక్కటే మిగిలింది. దానికి ముదురు ఆకుపచ్చ వేద్దామన్నాను. ఆయనేమో తెలుపే వేయాలంటారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారితో కలిసి కంచెకు తెల్లరంగు వేసేవారట. మాటా మాటా పెరిగి, "రంగుల గురించి నీకేం తెలుసు" అన్నారు. నెల రోజులుగా ముక్తసరి మాటలే. ఫెన్సింగ్ ఇంకా ఎర్ర ప్రైమర్‌తోనే ఉంది. ఇంత చిన్న విషయానికి బాధపడటం నాదే తప్పా? ఏ రంగు మంచిదో మీరు చెప్తే ఆయనకు చూపిస్తాను.

జవాబు: తప్పు కాదమ్మా. ఇల్లంతా ఒకరి ఇష్టప్రకారమే తయారైతే, చివర్లో మిగిలిన ఆ ఒక్కదాన్నీ రెండో మనిషి గట్టిగా పట్టుకుంటారు. ముదురు ఆకుపచ్చ మీకు నిజంగానే నచ్చి ఉండొచ్చు. కానీ ఆయన తెలుపు కావాలన్నందుకే అయితే మీరు నెల రోజులు బాధపడేవారు కాదు. గుచ్చుకున్నది ఆ "నీకేం తెలుసు" అన్న మాట. ఆ మాట చిన్నది కాదు.

అయితే మీ ఉత్తరంలో ఇంకో వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. వాళ్ల నాన్నగారితో కలిసి తెల్లరంగు వేసిన సంగతి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. ఆయన కూడా మీకు అంతే పొడిగా చెప్పి ఉంటారు. చాలామంది మగవాళ్లు ఇలాంటివి విప్పి చెప్పలేరు. "నాన్న గుర్తొస్తారు" అనడానికి నోరు రాక "తెలుపే బాగుంటుంది" అని పట్టుబడతారు. మిమ్మల్ని తీసిపారేసినట్టు మాట్లాడటానికి అది సాకు కాదు. కానీ ఆ తెలుపు వెనకాల ఏముందో తెలియకుండా వాదిస్తే మీరిద్దరూ వేర్వేరు విషయాల మీద వాదించుకున్నట్టే.

నా జవాబు మాత్రం ఆయనకు చూపించకండి. నేను మీ వైపు ఓటేస్తే ఆయన ఇంకా బిగుసుకుంటారు, ఆయన వైపు వేస్తే మీరు ఒంటరైపోతారు. దీనికి బదులు, ఇంట్లో ఇంకెవరూ లేని సమయం చూసుకుని మీరే చెప్పండి: "రంగు సంగతి తర్వాత చూద్దాం. నీకేం తెలుసు అన్నారు చూడండి, అది మనసులో ఉండిపోయింది. ఇల్లంతా అయ్యాక ఒక్కదాంట్లో నా మాట అడుగుతారనుకున్నాను." ఇంతే. టైల్స్ నుంచి మొదలుపెట్టి లెక్కలన్నీ తీయొద్దు. తీస్తే ఆయన ఒక్కో టైలుకూ జవాబు చెప్పుకోవడంలో పడిపోతారు, మీ మాట మధ్యలో పోతుంది. చెప్పాక కాసేపు ఊరుకోండి. వెంటనే సారీ చెప్పకపోయినా టెన్షన్ పడకండి.

ఇక రంగు. షేడ్ కార్డు చూసి వాదించుకోవడం మానేయండి. అగ్గిపెట్టెంత ముక్క మీద చూసిన రంగు, పెద్ద వైశాల్యంలో వేశాక వేరేలా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో పాలిపోయినట్టు ఉంటుంది, సాయంత్రం వెలుగులో పసుపు తిరుగుతుంది. చిన్న డబ్బాలు రెండు తెచ్చి, రెండడుగుల రేకు ముక్కల మీద ఒకదానికి తెలుపు, ఒకదానికి ఆకుపచ్చ రెండేసి కోట్లు వేసి, ఫెన్సింగ్‌కే కట్టండి. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ, ఇద్దరూ కలిసి చూడండి. ఇంటి గోడ పక్కన ఒకసారి, వీధిలోంచి ఒకసారి. మారని వాటితో, అంటే గోడతో, కిటికీలతో కుదురుతుందా లేదా అన్నదే ముఖ్యం.

రెండింటికీ వాటి కష్టాలున్నాయి. తెలుపు చూపును ముందు తన మీదికే లాక్కుంటుంది. వాన పడితే కింది జానెడు మేర బురద చింది కనిపిస్తుంది, అతుకుల దగ్గర తుప్పు చార దిగితే దాగదు. ముదురు ఆకుపచ్చ వెనక్కి తగ్గి మొక్కల్ని ముందుకు తెస్తుంది, కానీ ఎండకు బాగా కాగుతుంది, ఏళ్లు గడిచే కొద్దీ వెలిసినట్టు తెలుస్తుంది. అన్నీ చూశాక కూడా కుదరకపోతే గేటు ఒకరిది, ఫెన్సింగ్ ఒకరిది అనుకోండి. తెల్ల గేటు, పచ్చ ఫెన్సింగ్ కలిసి బాగానే ఉంటాయి. ఇద్దరికీ నచ్చని బూడిద రంగుతో మాత్రం రాజీ పడకండి. రోజూ గేటు తీసినప్పుడల్లా ఈ గొడవే గుర్తొస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. ప్రైమర్ అన్నది అడుగు పూత మాత్రమే, ఎండావానలకు అది ఎక్కువ కాలం ఆగదు. నెల అయిందంటున్నారు కాబట్టి వెల్డింగ్ అతుకుల దగ్గర వేలితో తడిమి చూడండి. గరుగ్గా తగిలితే తుప్పు మొదలైనట్టే. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, పొడిబట్టతో తుడిచి, మళ్లీ ప్రైమర్ రాయాలి. ఆ పనికి రంగు తేలనక్కర్లేదు, పెయింటర్ కూడా అక్కర్లేదు, ఒక సెలవు రోజు మీ ఇద్దరూ చాలు. ఆయన రుద్దుతున్నప్పుడు, వాళ్ల నాన్నగారు ఎలా చేసేవారో అడగండి.