మలేరియా మందు మొక్కలోనే దొరుకుతుంటే ల్యాబ్‌లో మళ్లీ కొత్తది తయారుచేయడం ఎందుకు?

మొక్క ఇచ్చే అణువంతా మనకు అక్కర్లేదు కాబట్టి. 1972లో చైనాలో శాస్త్రవేత్త తు యూయూ బృందం మాచిపత్రికి దగ్గరి చుట్టమైన ఓ మొక్క నుంచి ఆర్టిమిసినిన్ అనే మలేరియా మందును వేరుచేసింది. ఆ అణువు పెద్ద చిక్కుముడి. అందులో అసలు పని చేసేది మాత్రం జంటగా ఉన్న రెండు ఆక్సిజన్ పరమాణువులు, అంటే పెరాక్సైడ్ వంతెన. మలేరియా పరాన్నజీవి మన హిమోగ్లోబిన్‌ను తిని అరిగించుకునేటప్పుడు అందులోని హీమ్ అనే భాగం బయటపడుతుంది. దానిలోని ఇనుము తగలగానే వంతెన తెగి, పుట్టిన రాడికల్స్ (దొరికినదానితో వెంటనే చర్య జరిపే అణు ముక్కలు) ఆ జీవి ప్రొటీన్లనే పాడుచేస్తాయి. తిన్న తిండే విషమవుతుందన్నమాట!

రసాయన శాస్త్రవేత్తలు ఆ వంతెనను మాత్రం ఉంచుకుని మిగతాదంతా కొత్తగా కట్టారు. ఉత్త పెరాక్సైడ్ ఎక్కువసేపు నిలవదు, అందుకే పక్కన అడమాంటేన్ అనే కార్బన్ పంజరాన్ని అడ్డుపెట్టారు. అలా వచ్చిందే ఆర్టెరోలేన్. పైపెరాక్విన్ అనే మరో మలేరియా మందుతో కలిపిన ఆ మాత్ర 2012లో మన దేశంలోనే మార్కెట్‌లోకి వచ్చింది. దీనికి పంట చేతికొచ్చేదాకా ఆగే పని లేదు.