సముద్రంలో గీత గీస్తే చేపలు పెరుగుతాయా?

ప్రశ్న: మా తమ్ముడు సముద్రంలో వేటకు వెళ్తాడు. వాళ్లు ఏళ్ల తరబడి వల వేస్తున్న చోటులో కొంత భాగాన్ని వేట నిషిద్ధ ప్రాంతంగా ప్రకటిస్తామని అధికారులు వచ్చి చెప్పారు. వచ్చే నెల సభ పెట్టి అందరి అభిప్రాయాలూ తీసుకుంటారట. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. “చేపలు ఒకచోట ఉండవు కదా, నీళ్ల మీద గీత గీస్తే ఎవరికి లాభం?” అంటున్నాడు వాడు. ఒప్పుకోమనాలా, వద్దనాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ తమ్ముడు అడిగింది సరైన ప్రశ్నే. చేపల సర్వేల్లో ముప్పై ఏళ్లు పనిచేశాను, మొదట్లో నాకూ అదే అనుమానం ఉండేది. ముందే నా మాట చెప్పేస్తాను. ఒప్పుకోమనండి, కానీ ఊరికే తల ఊపి రావద్దనండి. కొన్ని హామీలు కాగితం మీద రాయించుకున్నాకే ఒప్పుకోవాలి.

చేపలు తిరుగుతాయన్నది నిజమే. ట్యూనా లాంటివి వేల కిలోమీటర్లు ఈదుతాయి, చిన్న నిషిద్ధ ప్రాంతం వాటికి పెద్దగా అక్కరకు రాదు. కానీ రాళ్లనూ పగడపు దిబ్బలనూ నమ్ముకుని బతికే చేపలు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉండిపోతాయి. ఒక రాతి పగులులో ఉండే గ్రూపర్‌ను దాని చెంప మీద మచ్చను బట్టి గుర్తుపట్టి నాలుగేళ్లు వరసగా చూశాను. నేను పలక మీద పెన్సిల్‌తో రాసుకుంటుంటే అది సగం బయటికొచ్చి చూసేది. అలాంటి చేపకు ఆ కాస్త చోటే ప్రపంచం. అక్కడ వల పడకపోతే అది పెద్దదవుతుంది, ముసలిదవుతుంది.

అసలు కిటుకు ఆ పెద్దవడంలోనే ఉంది. రేవులో చేపలు కోసి చూడటం మా పనిలో భాగం. చిన్న ఆడచేప కడుపులో గుడ్ల సంచి నా వేలంత ఉండేది. బాగా పెద్దదాన్ని కోస్తే రెండు దోసిళ్లలోనూ పట్టేది కాదు. ముప్పై కిలోల చేప ఒకటి, రెండు కిలోల చేపలు పదిహేనింటికి సమానమని తూకం చూసి అనుకుంటాం. కానీ చల్లటి సముద్రాల్లో ఉండే కాడ్ అనే చేప ముప్పై కిలోలది ఒక్కటే పెట్టే గుడ్లు, రెండు కిలోలవి 28 కలిసి పెట్టే గుడ్ల కంటే ఎక్కువని 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మనం ముందుగా పట్టేసేది ఆ తల్లి చేపల్నే. నిషిద్ధ ప్రాంతంలో అవి మిగులుతాయి. అవి పెట్టిన గుడ్లూ, వాటిలోంచి వచ్చిన పిల్లలూ నీటి వాలున కొట్టుకుపోయి గీత బయట పెరుగుతాయి. మీ తమ్ముడికి దక్కే వాటా అదే.

మెక్సికోలో కాబో పుల్మో అనే చోటుంది. వేటతో బతికిన ఆ ఊరివాళ్లే చేపలు తగ్గిపోవడం చూసి ప్రభుత్వాన్ని అడిగారు. 1995లో 71 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్క్ ప్రకటించారు. కాగితం మీద అందులో కొంత భాగంలోనే వేట నిషేధం. ఊరివాళ్లు మాత్రం మొత్తం పార్కులో వేట మానేసి, కాపలా కూడా తామే కాశారు. 1999 నుంచి 2009 లోపు అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు పొరపాటు పడిందేమోనని మళ్లీ చదివాను.

ఇప్పుడు రెండో వైపు. నేను సర్వే చేసిన ఒక నిషిద్ధ ప్రాంతంలో హద్దు చూపే బోయాలు (నీటి మీద తేలే గుర్తులు) ఒక తుపానుకు కొట్టుకుపోయాయి. మళ్లీ వేయలేదు. కాపలా పడవ ఉండేది కానీ దానికి డీజిల్ ఉండేది కాదు. పెద్ద ట్రాలర్లు రాత్రిపూట లైట్లు ఆర్పి లోపలికి వచ్చేవి. పగటిపూట చిన్న పడవలవాళ్లు దొరికిపోయి జరిమానా కట్టేవారు. నాలుగేళ్లు లెక్కపెట్టాం. గీత లోపలా బయటా ఏ తేడా లేదు. ఆ రిపోర్టు రాసిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే అక్కడి చిన్న పడవలవాళ్లు మా మాట నమ్మి వేట వదులుకున్నారు.

ఇది అక్కడొక్కచోటే జరిగిన సంగతి కాదు. ప్రపంచవ్యాప్తంగా 87 రక్షిత ప్రాంతాలను పరిశీలించిన అధ్యయనం 2014లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. వేట పూర్తిగా ఆపడం, గట్టి కాపలా, పదేళ్లు దాటిన వయసు, వంద చదరపు కిలోమీటర్లకు మించిన విస్తీర్ణం, చుట్టూ లోతు నీళ్లో ఇసుకో ఉండి విడిగా ఉండటం, ఈ అయిదూ చూశారు. సగానికి పైగా చోట్ల వీటిలో ఒకటో రెండో మాత్రమే ఉన్నాయి. వాటికీ మామూలుగా వేట సాగే చోట్లకూ తేడా కనిపించలేదు. 2030 కల్లా సముద్రంలో 30 శాతాన్ని రక్షిస్తామని 2022లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. అంకె కోసం తొందరపడి మ్యాప్ మీద రంగు వేస్తే మళ్లీ ఇదే జరుగుతుందని నా భయం.

గీత ఎక్కడ పడుతుందన్నది కూడా ముఖ్యం. న్యూజీలాండ్‌లో లీ అనే చోట 1975లోనే వేట మాన్పించారు. లోపల లాబ్‌స్టర్లు (పెద్ద రొయ్యల్లాంటివి) బాగా పెరిగాయి. అయితే హద్దు తీరం నుంచి 800 మీటర్లే. కొన్ని కాలాల్లో లాబ్‌స్టర్లు దాన్ని దాటి లోతుకు నడుస్తాయి. సరిగ్గా అక్కడే బుట్టలు పెట్టి పట్టేవారు. కొన్నేళ్లకు లోపలి సంఖ్య కూడా పడిపోయింది.

అందుకే సభలో మీ తమ్ముడు మొదట అడగాల్సింది కాపలా గురించి. ఎన్ని పడవలు, ఎవరి జీతం మీద, రాత్రిపూట ఎవరు? పెద్ద బోట్లకు ఉపగ్రహ ట్రాకింగ్ తప్పనిసరి చేస్తారా? హద్దును ఒడ్డున కనిపించే గుర్తులతో పెట్టమనాలి, దారి చూపే యంత్రం లేని పడవలో కూర్చున్నవాడికి కూడా గీత ఎక్కడుందో తెలియాలి. తల్లి చేపలు గుడ్లు పెట్టే చోటు వీళ్లకే బాగా తెలుసు, అది లోపల పడిందో లేదో చూసుకోవాలి. బయటకు నెట్టిన పడవలన్నీ మిగిలిన చోట గుమిగూడితే అక్కడా ఖాళీ అవుతుంది, దానికేం చేస్తారో చెప్పించాలి.

ఇక తిండి మాట. చేపలు పెరగడానికి ఏళ్లు పడుతుంది, పిల్లల ఫీజులు అంతవరకు ఆగవు. ఆ మధ్యకాలానికి పరిహారం ఎంత, ఏ నెల నుంచి, ఎవరి ఖాతాలో అన్నది తేలకుండా సంతకం పెట్టొద్దు. ఈ విషయంలో మొహమాటం అసలు వద్దు.

మరి ఇన్ని చిక్కులుంటే వద్దనొచ్చు కదా అంటారేమో. కెనడాలో కాడ్ వేటను తగ్గించడం ఆలస్యం చేసి చేసి, 1992 జూలై 2న ఒక్కసారిగా ఆపేయాల్సి వచ్చింది. దాదాపు 30 వేల మంది పని పోయింది. కొన్నాళ్లే అనుకున్న నిషేధం మూడు దశాబ్దాలు సాగింది. ముందే కొంత చోటు మూసుకుంటే మిగిలిన చోట వేట ఉంటుంది.

అధికారులు ఇచ్చిన మ్యాప్ ఉంటే ఫొటో తీసి పంపండి. గుడ్లు పెట్టే చోట్లు ఎక్కడో మీ తమ్ముడి చేత దాని మీద పెన్నుతో గుర్తు పెట్టించండి. సభకు ముందే చూసి జవాబు రాస్తాను.