జపాన్ స్కూల్ సినిమాల్లో ఎప్పుడూ ఏదో ఒక క్లబ్బు కథే ఎందుకు?

అక్కడ చాలామంది పిల్లలు బడి అయ్యాక నేరుగా ఇంటికి పోరు. 'బుకాత్సు' అనే క్లబ్బులుంటాయి: ఆటలు, బ్యాండ్, నాటకం, ఏదో ఒకటి. స్నేహాలు, అలకలు, సీనియర్ల పెత్తనం అన్నీ అక్కడే. కథకి ఇంకేం కావాలి?

షినోబు యాగుచి తీసిన 'స్వింగ్ గర్ల్స్' (2004) చూడండి. వేసవిలో లెక్కల క్లాసు తప్పించుకోవడానికి అమ్మాయిలు బ్యాండ్ వాళ్లకి భోజనం డబ్బాలు మోసుకెళ్తారు. రైల్లో కునుకు పట్టి, దిగాల్సిన స్టేషన్ దాటిపోతుంది. ఎండకి అన్నం పాడై, బ్యాండ్ దాదాపు మొత్తం మంచాన పడుతుంది. ఇక వాయించాల్సింది వీళ్లే! నటించిన అమ్మాయిలు వాయిద్యాలు నిజంగానే నేర్చుకుని వాయించారు.

ఆయనదే 'వాటర్ బాయ్స్' (2001)లో అబ్బాయిలు స్కూల్ పండగ కోసం నీళ్లలో డాన్స్ నేర్చుకుంటారు. నాకైతే 'లిండా లిండా లిండా' (2005) ఇంకా ఇష్టం. పండగకి మూడు రోజులే ఉందనగా, బ్యాండ్ అమ్మాయిలు కొరియా నుంచి వచ్చిన అమ్మాయిని తమతో పాడమంటారు. హడావుడి లేని సినిమా.